నడిచే ఊరు

పొద్దున్నే సైరన్ మోగింది. ఊళ్లో ఇళ్లన్నీ ఇనుప కాళ్ల మీద లేచి మెల్లగా నడక మొదలుపెట్టాయి. సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా ఊరు వెనక్కి జరిగేలా సర్కారు చేసిన ఏర్పాటు అది.

పోలమ్మ పొయ్యి మీద చేపల పులుసు కలుపుతూ కిటికీలోంచి చూసింది. కెరటాలు శ్మశానాన్ని కమ్మేస్తున్నాయి. కిందటేడు మొగుణ్ని పూడ్చింది అక్కడే.

"మావని కూడా తెచ్చేసుకోవాల్సింది, అత్తా," అంది కోడలు రత్నాలు.

"ఏటేటి కదపాలో సెప్పండని ఆపీసర్లు అడిగేరే. పడవలు సెప్పేం, బడి సెప్పేం, కోళ్లగూడు కూడా సెప్పేం. కొత్తిళ్లకి కొబ్బరికాయ కొట్టిన కాడ వల్లకాడు మాటెత్తితే అశుభవని ఊరంతా నోరు మూసుకున్నాం."

ఇల్లు ఆగింది. కిటికీలోంచి ఇప్పుడు నీళ్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. పొయ్యి మీద పులుసు మాత్రం ఒక్క చుక్కైనా తొణకలేదు.