రెండోసారి నీళ్ళలో

"గడిచిపోయిన రోజుకి వెనక్కి ఒక్కరినే పంపగలను, అదీ ఒక్కసారే," అంది సరస్సు ఒడ్డున మందుల అవ్వ.

"నేనెళ్తా," అంది తియామికే. పడవ బోల్తాపడి మునిగిపోయింది ఆమె భర్తే.

"మోకాల్లోతు నీళ్ళకే కేకలు పెడతావు వదినా, నువ్వా వెళ్ళేది? అన్నని నేను తెస్తా," అన్నాడు లింబానీ. ఆ పడవలోంచి బతికి బయటపడ్డవాడు అతనొక్కడే.

అవ్వ ఇచ్చిన కషాయం తాగి కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజుకి వెళ్ళొచ్చి తెరిచేసరికి ఒడ్డునే, అన్న లేకుండా, తడిసి వణుకుతూ ఉన్నాడు.

"అన్న అందలేదు వదినా."

తియామికే ఏడుస్తూనే తన చితెంజె గుడ్డ అతనికి కప్పింది. "ప్రాణాలకు తెగించావు, ఇంకెవరు చేస్తారయ్యా? రా, ఇంత న్సిమా సంకటి తిందువుగాని."

లింబానీ తలెత్తలేదు. మునిగిపోతూ అన్న ఈసారీ అతని కాలు పట్టుకున్నాడు. మొదటిసారి భయంలో ఒళ్ళు తెలియక తన్నానని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాడు.

ఈసారి తెలిసే తన్నాడు.