ఎర్ర చుక్క

"మేడమ్, నా కొట్టు నెత్తిన ఆ ఎర్ర చుక్క ఏమిటి? ముందు దాన్ని తీసేయండి!"

సోఫాల వ్యాపారి గోడమీది పటాన్ని వేలితో పొడుస్తూ అరిచాడు. ప్రమాదాల లెక్కలు చూసే అధికారిణి కళ్లజోడు సవరించుకుంది.

"తీసేయడానికి అదేమన్నా మరకా? ఊళ్లో ఎక్కువ ప్రమాదాలు మీ కొట్టు ముందే జరుగుతున్నాయి."

"నా కొట్టు ముందు సైకిల్ కూడా పడలేదండీ!"

"మునుపైతే ప్రమాదం జరిగిన చోటు తోచినట్టు రాసేవాళ్లు. ఇప్పుడు పద్ధతి మార్చాం. కానిస్టేబుల్ వివరాలు ఫోనులో పంపితే చాలు, ఎక్కణ్నుంచి పంపాడో ఆ చోటు దానంతటదే పటం మీద పడుతుంది. ఇక తప్పుకి తావే లేదు. వచ్చే నెల చుక్క ఎక్కడుంటే అక్కడ రోడ్డు పని మొదలు."

వ్యాపారికి అసలు సంగతి వెలిగింది. కానిస్టేబుల్ పొద్దంతా ఊరు తిరిగి, సాయంత్రం తన కొట్లో ఫ్యాను కింద సోఫాలో వాలి, ఆనాటి ప్రమాదాలన్నీ అక్కణ్నుంచే పంపుతాడు. పిలిచి కూర్చోబెట్టింది తానే. లోపల పోలీసు కూర్చుంటే, బయట అడ్డంగా నిలిపిన తన వ్యానును ఎవరడుగుతారు?

నిజం చెబితే కానిస్టేబుల్‌కి చీవాట్లు, వ్యానుకి జరిమానా. చెప్పకపోతే గుంతలు, దుమ్ము, బేరాలు బంద్. ఎటు చూసినా నష్టమే. అప్పుడు గుర్తొచ్చాడు, పక్క వీధిలో పరుపుల కొట్టు తెరిచి తన గిరాకీని లాగేసుకుంటున్న బావమరిది.

ఆ సాయంత్రమే కానిస్టేబుల్ భుజం తట్టాడు.

"తమ్ముడూ, ఈ సోఫాలో ఎన్నాళ్లని నడుం విరగ్గొట్టుకుంటావు? మా బావమరిది కొట్లో జానెడు మందం పరుపులున్నాయి. నా పేరు చెప్పి పడుకో."

"నీది ఎంత మంచి మనసన్నా!"

నెల తిరిగింది. వ్యాపారి మీసాల చాటున నవ్వుకుంటూ ఆఫీసుకి వెళ్లాడు. చుక్క పక్క వీధిలో నిగనిగలాడుతోంది.

"అయ్యో పాపం, మా బావమరిది కొట్టే! ఎన్నాళ్లు తవ్వుతారు మేడమ్?"

"తవ్వడమేమిటి? సిగ్నల్ పెడుతున్నాం. బస్టాపు కూడా అక్కడికే మారుస్తున్నాం. ఇకనుంచి ప్రతి బండీ ఆయన కొట్టు ముందు ఆగి తీరాల్సిందే."

వ్యాపారి వెనక్కి తిరిగి చూడకుండా పరుపుల కొట్టుకి పరుగెత్తాడు. కానిస్టేబుల్ బూట్లు విప్పి, పరుపు మీద బారుగా పడుకుని ఫోను నొక్కుతున్నాడు.

"తమ్ముడూ, లే లే! నీకోసం కొత్త సోఫా తెప్పించాను. వెన్నపూసే అనుకో. వచ్చెయ్!"

"ఇక్కడే హాయిగా ఉందన్నా," కానిస్టేబుల్ అటువైపు దొర్లాడు. "అన్నట్టు, నీ వ్యాను రోడ్డుకి అడ్డంగా ఉందట కదా? మీ బావమరిది చెబితే ఇప్పుడే జరిమానా రాశాను."