మర్యాద బిళ్ళ

ఇప్పుడు అందరి చెవుల వెనకా మర్యాద బిళ్ళే. ఎవరు ఎంత పాడుమాట అన్నా, అది తియ్యగా మార్చి చెవిలో వేస్తుంది. రొయ్యల కంపెనీలో అయితే చేరిన రోజే అంటిస్తారు. గొడవలు లేవని కంపెనీకి మంచి పేరు.

ఆ ఉదయం రొయ్యల తలలు తీస్తుంటే కెజియా బిళ్ళ ఊడి ఐసుతొట్టిలో పడింది. అప్పుడే సూపర్‌వైజర్ సత్తిరాజు ఆమె వెనక ఆగి, రోజూ అనేదే అన్నాడు. ఈసారి అది మారకుండా ఆమె చెవిన పడింది. ఆమె పేటనీ ఒంటినీ కలిపి అన్న మాట.

అతను వెళ్లగానే పక్కనున్న మాణిక్యానికి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది.

"'బాగా చేస్తున్నావమ్మా' అన్నాడా? మంచిదేగా!" అంది మాణిక్యం.

తను చెప్పినా బిళ్ళ మార్చేస్తోందని కెజియాకి అర్థమైంది. మాణిక్యం బిళ్ళ పీకేసి, మళ్లీ చెప్పింది.

మాణిక్యం ముఖం జేవురించింది. "నాతోనూ రోజూ నవ్వుతూనే మాట్లాడతాడే..." అంటూ పక్కమ్మాయి చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చింది.

సత్తిరాజు తిరిగొచ్చేసరికి బల్ల పొడుగునా చేతులు ఆగిపోయాయి. ఐసుతొట్టి నిండా బిళ్ళలు.

"రోజూ అనేదే అనండి. ఈరోజు అందరం వింటాం," అంది కెజియా.

అతని పెదాలు కదిలాయి. మర్యాదగా ఏమనాలో నోటికి రాలేదు. ఇన్నేళ్లూ ఆ పని బిళ్ళే చేసింది.

"పర్లేదండీ," అంటూ కెజియా గ్లవ్స్ విప్పింది. వెనకే అందరూ లేచారు. "మేనేజరుగారి బిళ్ళ తీయించి, మేమే చెప్తాం."