పటంలో ఆఖరి చుక్క

ఏడో తరగతికి ఏడాది చివరి సోషల్ పాఠం ఎప్పుడూ ఒకటే. ఆ ఏడాది సముద్రం మింగేసిన ఊళ్లకు గోడ మీది పటంలో నీలం రంగు పూయాలి. ఎవరి ఊరికి వాళ్లే, పేరు పైకి చదివి మరీ పూయడం ఆ బడి ఆనవాయితీ.

సత్యవేణి టీచర్ బెత్తంతో చూపిస్తుంటే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, పూసి, తలొంచుకుని వెళ్లారు. బెత్తం ఆఖరి చుక్క మీద ఆగింది. ఎవరూ లేవలేదు.

“ఆ ఊరోళ్లు మన క్లాసులో ఎవరూ లేరండి టీచర్. నేను పూసెయ్యనాండి?” అంది నూకరత్నం.

“ఉన్నారమ్మా,” అంటూ టీచరే కుంచె అందుకుంది. పేరు చదవకుండానే చుక్క మీద నీలం పూసేసింది.

వెనక నుంచి పిల్లలంతా మెల్లగా చదివారు. “పెదమెరక.”