మ్యాట్ తలుపు మీద నేతి వేళ్ళు

నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు. బూడిదరంగు తలుపు మీద అచ్చు గుద్దినట్టు పడ్డాయి.

రాజ్యలక్ష్మికి గుండె ఆగినంత పనయింది. బందరు హల్వా ముక్క నోట్లో వేసుకుని, చెయ్యి కడుక్కోకుండానే గ్లాసు కోసం అలమారా తలుపు తీసింది. అంతే. హల్వాలో ఉన్న నెయ్యంతా తలుపెక్కింది.

మామూలు తలుపయితే ఒక్కసారి తుడిస్తే పోయేది. ఇవి మెరుపు లేని మ్యాట్ తలుపులు. గోడ పొడవునా తొమ్మిది. అప్పట్లో మచిలీపట్నం మొత్తం మీద ఇలాంటి వంటిళ్ళు నాలుగో అయిదో ఉండేవి. చెయ్యి తగిలితే చాలు, ఎవరి చెయ్యో చెప్పేస్తాయి.

ఇంట్లో పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. వందన, వరుణ్ మాట్లాడుకోవడానికి డాబా మీదికి వెళ్ళారు. పెద్దవాళ్ళు హాల్లో ఫ్యాను కింద కూర్చుని బీరకాయపీచు చుట్టరికాలు వెతుక్కుంటున్నారు. ఇది పన్నెండో సంబంధం. పదకొండు తప్పిపోయాయి. ఒకటి జాతకం కలవక, ఒకటి ఎత్తు కుదరక, ఒకటి ఏ కారణమూ చెప్పకుండా. ఇది కూడా పోతే ఇంక పెళ్ళే కాదని రాజ్యలక్ష్మికి గట్టి నమ్మకం.

అవతలి తల్లి సత్యవతమ్మని తలుచుకుంటేనే ఆమెకి చెమటలు పట్టాయి. గంజి పెట్టిన నేతచీర, ఒక్క మడత చెదరలేదు. పలకరింపులు కాకముందే కుర్చీని చేత్తో ఒకసారి తుడిచింది. ఆ కుర్చీలో దుమ్మేమీ లేదు. రాజ్యలక్ష్మి కళ్ళారా చూసింది.

అలాంటి మనిషి ఈ తలుపు చూస్తే ఇంకేమయినా ఉందా. తల్లే ఇలా ఉంటే పిల్లల పెంపకం ఎలా ఏడ్చిందో అనుకోదూ? మొహం మీద అనదు. ఏ సంగతీ కబురు చేస్తామంటుంది. ఆ కబురు ఈ జన్మకి రాదు.

కొంగు తడిపి తుడిచింది. వేళ్ళు పోయాయి. వాటి చోట చారలు వచ్చాయి. గట్టిగా రుద్దింది. చారలు పక్కకి పాకాయి. సింకు దగ్గర సబ్బు కనిపిస్తే గుప్పెడు నురగ తీసి పూసింది. ఆరేసరికి, పక్కనుంచి చూస్తే, తలుపు మీద తెల్లటి మబ్బు కమ్మి ఉంది.

ఇక లాభం లేదని గుడివాడలో ఉన్న అక్కకి సెల్‌ఫోన్ చేసింది. అక్కకి ఇలాంటి వంటిల్లే ఉంది.

"అక్కడ పెళ్ళిచూపులు పెట్టుకుని నువ్వు తలుపులు తుడుస్తున్నావా?" అంది అక్క.

రాజ్యలక్ష్మి గొంతు తగ్గించి సంగతంతా చెప్పింది. రంగు ఊడిపోయిందేమో, తలుపు మార్చాలేమో, విజయవాడ నుంచి మేస్త్రీ రావాలేమో అని కూడా చెప్పింది. అక్క విసుక్కుంటూనే విడమరిచింది. గోరువెచ్చటి నీళ్ళు. సబ్బు నాలుగు చుక్కలే. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డ ముంచి, గట్టిగా పిండి, పైనుంచి కిందికి ఒకే వాటంగా తుడవాలి. వెంటనే, తడి దానంతట అది ఆరకముందే, పొడిగుడ్డతో అద్దాలి. సున్నాలు చుట్టకూడదు.

"ఇందాకటి నుంచీ సున్నాలే చుడుతున్నానక్కా."

"నీ సంగతి నాకు తెలుసు కదే."

గుడ్డ కోసం మూడు సొరుగులు లాగింది. ఒకదాంట్లో గరిటెలు, ఒకదాంట్లో కరెంటు బిల్లులు, ఒకదాంట్లో ఏమీ లేదు. ఇంతలో చెయ్యి కడుక్కుంటానని చెప్పి ఆమె భర్త శివరామయ్య వచ్చాడు. అందరూ నీ గురించే అడుగుతున్నారు, వచ్చి కూర్చోమన్నాడు. మరకెక్కడా కనపడటం లేదన్నాడు.

"పక్కనుంచి చూడండి."

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, తల పక్కకి వాల్చి చూశాడు. మొహం మాడిపోయింది.

"పోనీ నేను దానికి ఆనుకుని నిలబడతాను. వాళ్ళు వెళ్ళేదాకా కదలను" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. తలనూనె మరక ఒకటి, చొక్కా చెమట మరక ఒకటి కొత్తగా వచ్చాయి.

రాజ్యలక్ష్మి ఆయన్ని పక్కకి జరిపింది. ఆయన జేబులో రుమాలు తీసి తడిపింది. భుజం మీది కండువా లాగి పొడిగుడ్డ చేసుకుంది. పైనుంచి కిందికి తుడిచింది. అద్దింది. పక్కకి వెళ్ళి చూసింది. ఒక్క చార లేదు.

కానీ ఆ ఒక్క తలుపూ కొత్తగా అయిపోయింది. దాని పక్కన మిగతా ఎనిమిదీ ఏళ్ళ తరబడి తుడవనట్టున్నాయి. ఇదింకా ఘోరం. ఒకటి తుడిచి మిగతావి వదిలేశారంటే ఎంత బద్ధకమో అనుకుంటారు.

భార్య తడిగుడ్డ, భర్త పొడిగుడ్డ. ఇద్దరూ వరసగా పని కానిచ్చారు. అయిదోదానికి ఆమె మోకాళ్ళ మీదికి వచ్చింది. ఎనిమిదోదానికి ఆయనకి నడుం పట్టేసింది. తొమ్మిదోది సగంలో ఉండగా గుమ్మంలో గంజిచీర గరగరలాడింది.

సత్యవతమ్మ నిలబడి ఉంది.

ఆవిడ ముందు నేల మీదున్న రాజ్యలక్ష్మిని చూసింది. తర్వాత నడుం పట్టుకుని వంగిపోయిన శివరామయ్యని చూసింది. దగ్గరికొచ్చి తలుపు మీద వేలు పెట్టి రాసింది. ఆ వేలు వెలుతురులో పట్టి చూసుకుంది. తల పక్కకి వాల్చి, తొమ్మిది తలుపుల్నీ ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది.

అయిపోయింది, పన్నెండోదీ పోయిందనుకుని రాజ్యలక్ష్మి కళ్ళు మూసుకుంది.

సత్యవతమ్మ మెట్ల దాకా వెళ్ళి, డాబా మీదికి వినపడేలా పిలిచింది.

"వందనా, అబ్బాయి నచ్చాడో లేదో తర్వాత చెబుదువుగాని, ముందు కిందికొచ్చి మీ అత్తగారి చేతిలో గుడ్డ అందుకో, పాపం మంచినీళ్ళకని లోపలికొచ్చి అరగంట నుంచి మన వంటింటి తలుపులన్నీ ఆవిడే తుడుస్తున్నారు."