నోరున్న ఫోన్

"ఆ ఫోన్ మాత్రం వద్దు!" అన్నాడు బోర్డుల పెయింటర్. ఎంత గట్టిగా అన్నాడంటే పక్క కౌంటర్ వాళ్ళు కూడా తిరిగి చూశారు.

"ఎందుకు వద్దండీ?" అంది భార్య. "మెసేజ్ రాగానే దానంతటదే చదివి వినిపిస్తుందట. ఇంకేం కావాలి?"

"అవునండీ," అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి హుషారుగా. "చదువు రానివాళ్ళకి భలే ఉపయోగం."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పెయింటర్ ఉలిక్కిపడ్డాడు. "ఇక్కడ చదువు రానివాళ్ళు ఎవరమ్మా? ఊళ్ళో సగం షాపుల బోర్డులు రాసింది నేనే. మీ షాపు బోర్డు కూడా!"

"అయ్యో, మిమ్మల్ని కాదు సార్!" ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది.

రాసిన మాట నిజమే. చదవడం రాని మాటా నిజమే. షాపువాళ్ళు కాగితం మీద పేరు రాసిస్తే, దాని మీద చిన్న గళ్ళు, బోర్డు మీద పెద్ద గళ్ళు గీసుకుని, ఏ వంపు ఏ గడిలో ఉందో చూసి ఉన్నదున్నట్టు దించేస్తాడు. అతనికి అవి అక్షరాలు కావు, బొమ్మలు. ఇంత అందంగా రాసేవాడికి చదవడం రాదని ఎవరనుకుంటారు? పెళ్ళికి ముందు ఎవరూ అడగలేదు. పెళ్ళయ్యాక చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

తాను బడి మొహం చూడలేదని భార్య మాత్రం మొదట్లోనే చెప్పేసింది. అందుకే నర్సు ట్రైనింగ్‌లో ఉన్న కూతురు హాస్టల్ నుంచి మెసేజ్ పెట్టినప్పుడల్లా ఫోన్ తెచ్చి అతని చేతికిస్తుంది. అక్కడ ఆదివారం తప్ప ఫోన్లో మాట్లాడనివ్వరు. అతను తెర మీద వేలు నడిపిస్తూ "బాగున్నానంటోంది, వేళకి తింటున్నానంటోంది" అని నోటికొచ్చింది చదివేస్తాడు. పోయిన వారమూ అలాగే చదివాడు. తీరా ఆదివారం మాట్లాడితే, పిల్ల నాలుగు రోజులుగా జ్వరంతో మంచం మీదే ఉందని తెలిసింది. భార్య పల్లెత్తు మాట అనలేదు. "నేను కంగారు పడతానని దాచారు కాబోలు, పోనీలెండి" అంది.

ఇప్పుడీ ఫోన్ ఇంటికొస్తే ఇన్నాళ్ళ బండారం బయటపడిపోతుంది.

"ఇది తీసుకుందాం," అని ఇంకోటి లాక్కున్నాడు. "కెమెరా ఎంత బాగుందో చూడు."

"మన మొహాలు ఫోటో తీసి ఎవరికి పంపాలి?"

"పోనీ ఇది. బ్యాటరీ మూడు రోజులొస్తుందట."

"ఇంట్లో కరెంటు ఉందిగా."

కౌంటర్ అమ్మాయి ఒక కాగితం అతని ముందుకు జరిపింది. "మూడింటి వివరాలూ పక్కపక్కనే ఉన్నాయి సార్. మీరే చదివి చూడండి."

పెయింటర్ కాగితం అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "ఈ అచ్చు ఎవడు వేశాడో గానీ, వాడికి పని రాదు," అన్నాడు చివరికి. "వరసలు చూడు, ఎంత ఇరుగ్గా ఉన్నాయో!"

భార్య ఆ కాగితం తీసి మడిచేసింది. "కాగితాలు చూసి ఫోన్లు కొంటారా ఎవరైనా? నా మాట వినండి. పొద్దస్తమానం నిచ్చెన మీద నిలబడి వస్తారు. మళ్ళీ నాకు చదివి పెట్టే శ్రమ కూడా ఎందుకు మీకు?"

శ్రమట! అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. తిట్టినా బాగుండేది. ఇంత నమ్మిన మనిషికి ఇన్నేళ్ళూ అబద్ధాలు చదివాడు. ఇక ఫోన్ చెప్పకముందే తానే చెప్పేయడం మర్యాద అనిపించింది.

"నీకొకటి చెప్పాలి," అన్నాడు. "నాకు... అసలు నాకు..."

"ఇంటికెళ్ళాక చెబుదురుగానీ," అని భార్య చటుక్కున అటు తిరిగింది. "ఇదే ఇచ్చేయమ్మా. మా పాత ఫోన్లో సిమ్ తీసి ఇందులో వేసిపెట్టు."

ఆ అమ్మాయి సిమ్ మార్చింది. తెర మీద ఏవేవో నొక్కి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఫోన్‌ని ఇద్దరి మధ్యా పెట్టింది. "ఇక ఏ మెసేజ్ వచ్చినా వెంటనే చదివేస్తుంది," అంది.

అనడమే ఆలస్యం, ఫోన్ టింగుమంది. భార్య కంగారుగా చెయ్యి చాచింది గానీ, ఎక్కడ నొక్కితే ఆగుతుందో ఆవిడకి తెలియలేదు. తొణకని ఆడగొంతు ఒకటి షాపంతా వినబడేలా చదివింది:

"అమ్మా, నేను నేర్పిన అక్షరాలతో పొద్దున నువ్వు రాసిన మెసేజ్ చూశాను. చదివి వినిపించే ఫోనే కొను, నాన్నకి ఆ అవస్థ తప్పుతుంది. ఆయనకి చదువు రాదని మనకి తెలుసన్న సంగతి మాత్రం ఆయన చెవిన పడనీయకు."