ఎడమచేతి బడి

"కుడిచేత్తో వాయిస్తానంటే వేదిక ఎక్కనివ్వను. ఆయన మనవరాలివైనా సరే," అన్నాడు బాల్దెమార్.

మరిక్రూస్ ఒళ్లో బాహో సెస్తో ఉంది. పన్నెండు తీగల పెద్ద గిటారు అది. ఒకప్పుడు ఆ వాద్యం అకార్డియన్ వెనకాల ఓ మూలన ఉండి తాళం వేసేది. దాన్ని మైకు ముందుకు తెచ్చి, అమెరికాలోని మెక్సికన్ సంతతివాళ్ల, అంటే చికానోల పాటకి ఓ పరువు తెచ్చిన మొదటి మనిషి ఆమె తాత ఎలూతేరియో బసాన్. ఒకే ఒక్క రికార్డు చేసి, చిన్న వయసులోనే కారు ప్రమాదంలో పోయాడు. ఆయనతో వాయించినవాళ్లూ ఇప్పుడు లేరు. శాన్ ఆంటోనియో వెస్ట్ సైడ్‌లో ఆ రికార్డు లేని ఇల్లుందంటే, వాళ్లు ఈమధ్యే అద్దెకు దిగారన్నమాట.

దాని అట్టమీది ఫోటోలో ఆయన ఎడమచేత్తో తీగలు మీటుతూ నవ్వుతుంటాడు. అందుకే బాల్దెమార్ బడిలో అందరూ తీగలు తిరగేసి కట్టుకుని ఎడమచేత్తోనే వాయిస్తారు. తిండి ఏ చేత్తో తింటారో వాళ్లిష్టం.

ఇవాళ వీధి మొగలో ఎలూతేరియో గోడబొమ్మ ఆవిష్కరణ. ఆయన పాట ఆయన రక్తమే వాయించాలని పేటంతా ఎదురుచూస్తోంది.

"రెండేళ్లు కుస్తీపట్టాను మాస్టారూ. ఎడమచేత్తో నాకు రాదు. ఇలాగైతే వస్తుంది. తాతయ్య పాటని పాడుచెయ్యమంటారా?"

"ఆయన్ని నేను కళ్లారా చూడలేదమ్మా. నాకు మిగిలింది ఆ చెయ్యొక్కటే. మీ ఇంటివాళ్లే దాన్ని వదిలేస్తే రేపు పిల్లలకి ఏం చెప్పను?"

మరిక్రూస్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె అమ్మమ్మ కూకా గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. బొమ్మ వేసినవాడు ఆమె దగ్గరికి వంగాడు. "చొక్కా జేబు కూడా కుడివైపే వేశాను పెద్దమ్మా, అచ్చం అట్టమీదున్నట్టే. బాగుందా?"

"మా ఆయన ఎటు చూసినా బాగుంటాడు," అని, ఆవిడ ఇటు తిరిగింది. "బాల్దెమార్, దాన్ని ఎక్కనీ."

"కూకాగారూ, మీరే ఇలా అంటే ఎలాగండీ?"

"నిష్ఠూరమేదైనా ఉంటే నామీద వేసుకుంటాను. చూడలేనివాళ్లు కళ్లు మూసుకుని వినండి."

మరిక్రూస్ వేదికెక్కింది. ఆ కుడిచెయ్యి చూసి జనం గుసగుసలాడారు. మొదటి చరణం అయ్యేసరికి ఆ గుసగుసలు ఆగాయి. రెండో చరణానికి ముసలి జంటలు లేచి ఆడటం మొదలుపెట్టాయి. బాల్దెమార్ టోపీ తీసి గుండెకి హత్తుకున్నాడు.

"చెయ్యి మారినా రికార్డు విన్నట్టే ఉంది తల్లీ," అన్నాడు, ఆమె దిగగానే. "మీ అమ్మమ్మ ముఖం చూసి ఈ ఒక్కసారికి సరే."

ఆయన బడి పిల్లలతో వేదికెక్కాడు. మరిక్రూస్ వచ్చి అమ్మమ్మ పక్కన కూలబడింది.

"నిజం చెప్పు అమ్మమ్మా. తాతయ్య పరువు తీశానా?"

"అటు చూడవే," అంది కూకా. వేదికమీద పిల్లలంతా ఎడమచేత్తో వాయిస్తున్నారు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "రాజులకైతే విగ్రహాలు పెడతారు. మీ తాత కోసం ఓ పేటకి పేటే చెయ్యి మార్చుకుంది. ఇంత గౌరవం ఎవరికి దక్కిందే? అది చూసి మురిసిపోతూ ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. నువ్వూ విప్పకు."

"దేని గురించి?"

"ఆ అట్టమీది ఫోటోని కుడిఎడమలు తారుమారుగా అచ్చేశారే, పిచ్చిదానా."